మాస్కో గది, పెకింగ్ మెట్లు

వరద నీళ్ళు గుమ్మం దాటి లోపలికి వచ్చేసరికి పాపారావు ఆఖరి పుస్తకాల కట్ట మేడమీదికి చేర్చేశాడు. లంకలో ఉన్నవాళ్ళంతా పొద్దున్నే పడవలెక్కి అప్పనపల్లి శిబిరానికి వెళ్ళిపోయారు. ఎనభైకి దగ్గరపడిన ఈయన మాత్రం పార్టీ ఆఫీసు వదిలి రానని మొండికేశాడు. మనవరాలు శారోన్ విసుక్కుంటూ తోడుండిపోయింది.

"చాల్లే తాతయ్యా, ఇంక పైకి పద" అని ఆమె అంటుండగా గోడ అవతల ఎవరో దగ్గారు.

పాపారావు కాలు ఆగిపోయింది. ఆ దగ్గు ఆయన యాభై ఏళ్ళుగా ఆ గోడలోంచి వింటున్నదే.

"మూర్తి! ఈయన పడవెక్కలేదా?"

ఒకప్పుడు అక్కడ గోడ లేదు, అంతా ఒకటే హాలు. ఊళ్ళో అన్ని కులాలవాళ్ళూ ఒకే కుండలో నీళ్ళు తాగిన మొదటి చోటు అది. పేట కుర్రాడు పాపారావు, రైతుబిడ్డ శ్రీరామచంద్రమూర్తి దగ్గరుండి కట్టించారు. తర్వాత రష్యాకీ చైనాకీ చెడింది. అన్నదమ్ముల్లా మెలిగిన రెండు ఎర్రజెండా దేశాలు ఒకదాన్నొకటి తిట్టుకున్నాయి. ఇక్కడ పార్టీ రెండుగా చీలింది. అయినా హాలు నిలిచింది.

దాన్ని చీల్చింది ఒక లంక. 1969లో ఆ రెండు దేశాల సైనికులు సరిహద్దు నదిలో ఓ చిన్న లంక కోసం కాల్చుకున్నారు. లంక తగాదా అంటే ఏమిటో ఈ ఊరివాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. పెద్ద పాయకి ఏ ఒడ్డు వైపు ఉంటే ఆ ఒడ్డుదే, కాబట్టి చైనాదే అన్నాడు పాపారావు. పాత ఒప్పందం ఉంది, రష్యాదే అన్నాడు మూర్తి. మాటామాటా పెరిగి చొక్కాలు చిరిగాయి. వారం తిరక్కుండా హాలు మధ్య గోడ లేచింది. ఆ గోడ ఇద్దరూ కలిసే కట్టారు. కలిసి చేసిన ఆఖరి పని అదే. మెట్లు చైనా వాటాలోకి వచ్చాయి. పల్లంగా ఉన్న గది రష్యాకి పోయింది.

ఇప్పుడు ఆ పల్లమే కొంప ముంచుతోంది.

"మూర్తిగారూ! ఇటు తిరిగొచ్చి మెట్లెక్కండి!" గోడకి నోరు ఆనించి అరిచాడు పాపారావు.

"ఎలా రానండీ? కొబ్బరిచెట్టు వేళ్ళతో సహా కొట్టుకొచ్చి గుమ్మంలో ఇరుక్కుంది. కిటికీలకి ఊచలాయె."

"నీళ్ళెంతవరకూ వచ్చేయి?"

"గుండెల దాకా."

శారోన్ అప్పటికే ఫోన్లో ఉంది. "ఉరవడి ఎక్కువగా ఉందంట తాతయ్యా. పడవ రావడానికి గంట పడుతుందంటున్నారు."

గంట! పాపారావు మెట్ల కిందనుంచి, జెండాకర్ర పాతే గునపం లాగాడు.

"గోడ కొడుతున్నాను. పక్కకి జరగండి."

"వద్దండీ! మీ మెట్లెక్కి బతకమంటారా?"

"చచ్చేక ఎక్కలేవు కదా, జరుగు!"

గునపం ఖంగుమంది. పెచ్చు మాత్రమే లేచింది. మళ్ళీ కొట్టాడు. అటునుంచి మూర్తి ఇనప కుర్చీ ఎత్తి బాదుతున్నాడు.

"ఇంత సిమెంటు కలిపేవేంటి మూర్తీ?"

"గోడ పదికాలాలు ఉండాలని నువ్వేగా అన్నావు!"

పాపారావు దెబ్బ గురి తప్పింది. శారోన్ గునపం లాక్కుంది. అవతల కుర్చీ చప్పుడు నెమ్మదించి, ఆగిపోయింది.

"మూర్తీ, మాట్లాడు!"

"ఏం... మాట్లాడమంటావు?"

"పోనీ తిట్టు!"

"ఆ లంక మీవాళ్ళకే ఇచ్చేశారు. ముప్పై ఏళ్ళ కిందటే. పేపర్లో చూశాను."

"నేనూ చూశాను."

"మరి ఊరంతా టముకు వేయించలేదేం?"

"నువ్వే వచ్చి చెబుతావని చూశాను."

అటునుంచి కుర్చీ మళ్ళీ ఒకసారి గోడకి తగిలింది.

"మీ గుమ్మందాకా వచ్చేను ఓసారి. నవ్వుతావని వెనక్కి పోయేను."

"నవ్వేవాడినే. టీ కూడా ఇచ్చేవాడిని."

ఇటుక ఊడింది. దాని వెనకే మరొకటి. ఆ కంతలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది, నానిపోయి తెల్లగా. పాపారావు రెండు చేతులా పట్టుకున్నాడు. భుజాలు ఇరుక్కున్నాయి. శారోన్ పక్కన ఇంకో దెబ్బ వేసింది, మరో రెండు ఇటుకలు రాలాయి. ఇద్దరూ కలిసి లాగితే మూర్తి మోచేతులు చీరుకుపోతూ ఇవతలికొచ్చి పడ్డాడు. లేపి నిలబెట్టి చెరో రెక్కా పట్టుకున్నారు. మూర్తి పెకింగ్ మెట్లెక్కాడు. వాదించడానికి ఊపిరి లేదు. పైకి చేరాక మాత్రం, పడవ వచ్చేదాకా ఇద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు.

నీళ్ళు తీశాక తాపీమేస్త్రీ సత్తిబాబు వచ్చాడు. ఇద్దరు ముసలివాళ్ళూ చెరో చీపురుతో బురద నెడుతున్నారు.

"ఈ కంత పూడ్చెయ్యమంటారాండీ?"

"పూడ్చడం కాదయ్యా" అన్నాడు పాపారావు. "పైన ఇంకో రెండు వరసలు తియ్యి. మూర్తి వంగలేకపోతున్నాడు."

"ఆయ్, నేనా వంగలేనిది? పొద్దుట ఈ కంతలో తల తగిలించుకున్నది ఎవరు?" అన్నాడు మూర్తి. "మూడు వరసలు తియ్యి సత్తిబాబూ."