అద్దం మీది పొర

దానియేలు బొంతంత మందమున్న కోటును మెడ దాకా బిగించి, ముఖాన్ని కప్పే అద్దమున్న టోపీని తల మీదికి లాక్కున్నాడు. అమరచింత పక్క సబ్‌స్టేషన్‌లో అప్పుడు మధ్యాహ్నం పన్నెండు. బయట ఎండ మండిపోతోంది. లోపల స్విచ్చుల ప్యానెల్ ముందు నిలబడి అతను కోటు మెడను మళ్లీ తడిమి చూసుకున్నాడు. పదకొండేళ్లుగా ఈ ప్యానెల్ ముందుకొస్తే అతనికి భయమే, అందులో వింతేమీ లేదు.

పదకొండేళ్ల కిందట తోటి ఆపరేటర్ శాంతయ్య కరెంటును కలిపే బ్రేకర్‌ను లోపలికి తోస్తుంటే ఈ ప్యానెల్ నుంచే మంట ఎగిసింది. పాపం, అతను ఏ తీగనూ ముట్టుకోలేదు, ఎదురుగా నిలబడ్డాడంతే. రెప్పపాటులో చొక్కా చర్మానికి అతుక్కుపోయింది. ఆ వాసన దానియేలు ముక్కును వదల్లేదు. మంటను తట్టుకునే కోటు కావాలని అప్పటి నుంచి ఇంజనీరు సారు కనబడినప్పుడల్లా అడిగాడు, అర్జీలు రాశాడు. పిరికి దానియేలని పేరు పెట్టారు. పెట్టుకోనీ అనుకున్నాడు. పోయిన నెల కోటూ టోపీ వచ్చిన రోజు మనిషి పెళ్లికొడుకులా తిరిగాడు.

ఒక్కటే చాదస్తం. అద్దం మీద కంపెనీ అంటించిన పల్చని ప్లాస్టిక్ పొరను ఎవరినీ తీయనివ్వలేదు. గీతలు పడితే ఇంకోటి ఎవరిస్తారు? ఇంట్లోనూ అంతే. ఫ్రిజ్ కొని ఆరేళ్లయినా తలుపు మీద పొర అట్లాగే ఉంది.

"గా పొర ఇంకెప్పుడు తీస్తవయ్యా?" పొద్దున కూడా భార్య బుజ్జమ్మ నవ్వింది.

"ఉండనీయే, కొత్తగ ఉంటది."

కరెంటు కోసం రైతుల ఫోన్లు ఆగడం లేదు. లైన్ మీద పని ముగిసింది. బయటికి లాగిన బ్రేకర్‌ను మళ్లీ లోపలికి తోయాలి. శాంతయ్యను కాల్చింది ఈ పనే.

"జయరాజూ, నువ్వు బయటికి పో," అన్నాడు పక్కనున్న కుర్ర ఆపరేటర్‌తో.

"నేను గూడ ఉంట అన్నా."

"పో అంటున్న గద తమ్మీ. కోటు ఒక్కటే ఉంది. నాకు భయమైతుంది."

జయరాజు వెళ్లాక దానియేలు బ్రేకర్‌ను లోపలికి జరిపే పిడి తిప్పడం మొదలుపెట్టాడు. పొర వల్ల ముందే మసక, దానికి తోడు ఊపిరి ఆవిరి పట్టింది. బ్రేకర్ సరిగ్గా కూర్చుందో లేదో చెప్పే గుర్తు కనబడలేదు. తప్పుగా కూర్చుంటే? నెల రోజులుగా చేస్తున్నట్టే, ఒక్కసారి చూసి దించుకుందామని అద్దం పైకెత్తాడు.

బయట నిలబడ్డ జయరాజుకు కిటికీలన్నీ తెల్లగా వెలిగి కనిపించాయి. ఆ వెంటే చప్పుడు.

కోటు కింద దానియేలు ఒంటి మీద బొబ్బ కూడా లేదు. కాలింది ముఖమూ గొంతూ. మూడో రోజు హైదరాబాద్ దవాఖానలో, బుజ్జమ్మ నీళ్లు తేవడానికి వెళ్లినప్పుడు, అతని ఊపిరి ఆగిపోయింది.

వారం తర్వాత జయరాజు డ్యూటీకి వచ్చాడు. టోపీ బల్ల మీదే ఉంది. పొర అంచు పట్టుకుని లాగితే, మసి పట్టిన ప్లాస్టిక్ ఊడి వచ్చింది. దాని కింద అద్దం ఒక్క గీత లేకుండా, ఎదుటి ప్యానెల్ మీది ప్రతి అక్షరమూ చదవగలిగేంత తేటగా ఉంది.