పాడింది నేనే

అప్పట్లో మా తిరుపతి పక్క ఆర్కెస్ట్రాల్లో పాడటానికి ఆడపిల్లలు దొరికేవాళ్లు కాదు. మగవాళ్లే ఆడగొంతుతో పాడేవాళ్లు. మా ట్రూపులో ఆ పని మునికృష్ణది. ఇంతింత మీసాలు పెట్టుకుని, కళ్లు మూసుకుని పాడితే ఎవరో పదహారేళ్ల పిల్ల పాడుతోందనే అనుకోవాలి. డెబ్భై తొమ్మిదిలో నేను చేరాక ఆయన్ను కోరస్‌లోకి నెట్టి ఆ పాటలన్నీ నాకిచ్చారు. రిహార్సల్లో బ్రహ్మాండంగా పాడేదాన్ని.

మొదటి టూరు మూడు ఊళ్లు. తిరుచానూరులో స్టేజీ ఎక్కి జనాన్ని చూశానో లేదో, గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. మునికృష్ణే అందుకుని పాడాడు. పాకాలలో ఇంకా ఘోరం. ఆయన స్పీకరు పెట్టె వెనక కూర్చుని పాడుతుంటే, నేను ముందు నిలబడి నోరాడించాను. జనం నాకు చప్పట్లు కొట్టారు. సిగ్గుతో చితికిపోయాను.

చిత్తూరుకు పోయే వ్యాన్లో మా ట్రూపు పెద్ద సుభాన్ బాషా తేల్చేశాడు. "సూడు వకుళా, చిత్తూర్లో కూడా నోరు పెగలకపోతే రేప్పొద్దున బస్సెక్కి ఇంటికి పో. ఇంగ నీతో నాకు పనిలేదు."

"పోనీలే భాయ్," అని మునికృష్ణ నా వైపు తిరిగాడు. "పాకాల్లో మాదిరే నోరాడించు పాపా, నేను పాడతా."

బాషా కోపం కన్నా ఈయన జాలే నన్ను ఎక్కువ మండించింది.

"అక్కర్లేదన్నా. నేనే పాడతా."

ఆ సాయంత్రం స్టేజీ ఎక్కాను. మైకు కడ్డీని గట్టిగా పట్టుకుని, నేలచూపులు చూస్తూ పాట మొత్తం పాడేశాను. ఎక్కడా ఆగలేదు. తలెత్తేసరికి ముందు వరసలో లుంగీ కట్టుకున్న ఒకాయన లేచి నిలబడి ఉన్నాడు.

"ఆ పాప ఉత్తినే నోరాడిస్తా ఉండాదప్పా. పాడేది ఎనక ఉండే ఆ మీసాలాయన. పాకాల్లో నా కండ్లతో సూసినాను."

జనం గొల్లుమన్నారు. తర్వాతి పాట ఎత్తుకోమని అకార్డియన్ దగ్గర్నుంచి బాషా సైగ చేశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నాళ్లూ వీళ్లు నన్ను చూస్తారనే కదా భయపడింది. తీరా పాడితే, పాడింది నేను కాదట!

కడ్డీ నుంచి మైకు పీక్కుని స్టేజీ అంచు దాకా వచ్చాను.

"పాకాల్లో పాడింది ఆయనే. ఆడ మోసం చేసినాను, ఒప్పుకుంటా. ఈడ పాడింది నేను. మునికృష్ణన్నా, నువ్వు దిగిపోయి ఆయన పక్కన కూర్చో."

మునికృష్ణ బాషా వంక చూశాడు. పొమ్మన్నట్టు బాషా తలాడించాడు. దాంతో దిగిపోయి, ఆ లుంగీ ఆయన పక్కన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అదే పాట మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాను, వాయిద్యాలు లేకుండా, ఆ మనిషి కళ్లలోకి చూస్తూ. రెండో చరణంలో గొంతు జీరబోయింది. అయినా ఆపలేదు. సరిగ్గా అక్కడే బాషా అకార్డియన్ అందుకున్నాడు.

పాట అయిపోయాక ఆ మనిషి మునికృష్ణ మూతి వంకా నా వంకా మార్చి మార్చి చూశాడు.

"ఇంగొకటి పాడు పాపా," అన్నాడు.

"నువ్వు గమ్మున కూర్చుంటే పాడతా," అన్నాను.