వదిన వేసిన నీళ్ళు

బొమ్మను తలకిందులుగా నిలబెట్టి, అందులోని నీళ్ళకు రంగు కలుపుతోంది వదిన. నిజానికి ఆ పనిగది యజమాని ఒక్కడికే ఆమె వదిన. చట్రాలు బిగించే వడ్రంగికి కూడా ఆ పిలుపే అలవాటైపోయింది.

కాలవ బొమ్మలకు పేరుపడ్డ గది అది. ఆకాశం, ఇళ్ళు, వంతెన మరిది వేస్తాడు. నీళ్ళు ఆమెవి. ప్రతిబింబాలు వేసేటప్పుడు బొమ్మను తిప్పిపెట్టాలని, లేకపోతే చెయ్యి అబద్ధమాడుతుందని పోయిన భర్త నేర్పాడు. ఇరవై రెండేళ్ళుగా అలాగే వేస్తోంది. చూపుడువేలి గోరు కింద చేరిన నీలం ఇక వదలదు. మరిది ఆకాశం ఎప్పుడూ ఒకటే. పొద్దున్నో సాయంత్రమో తేలేది ఆమె నీళ్ళలోనే.

పోయిన వారం పత్రికవాళ్ళు వచ్చారు.

"నీళ్ళలో ఆ వెలుగు ఎలా తెస్తారండీ?"

మరిది గొంతు సవరించుకున్నాడు. "తెచ్చేదేముంది, అదే వస్తుంది."

"మరి ఈవిడ?"

"మా వదిన. కుంచెలు కడుగుతుంది పాపం."

ఆ 'పాపం' చేపముల్లులా గొంతులో దిగింది. వారమైనా ఊడి రాలేదు.

ఈ బొమ్మ ఊరి సభాభవనానికి. నాలుగింటికి పెద్దమనుషులు చూడ్డానికి వస్తారు. వంతెన మీద నలుగురున్నారు. నాలుగోవాడు, గొడుగు పట్టుకున్నవాడు, మరిదే. ప్రతి బొమ్మలోనూ తనను వేసుకుంటాడు.

వదిన గంప మోసేదాన్ని నీళ్ళలోకి దించింది. సైకిలువాణ్ణి దించింది. ముసలాయన్ని, వణికే కర్రతో సహా దించింది. గొడుగు దగ్గర ఆగింది. అక్కడ పసుపు, తెలుపు కలిపి ఎండ పోసింది. పుట్టి బుద్ధెరిగాక అంత మంచి ఎండ ఆమె వెయ్యలేదు.

బొమ్మను తిన్నగా నిలబెడుతూ వడ్రంగి నోరు తెరిచాడు. "వదినా, సారు..."

"మేకు చూసి కొట్టు. వేలు చితుకుతుంది."

అతను నవ్వాపుకుని సుత్తి అందుకున్నాడు.

మరిది హడావుడిగా వచ్చాడు. "అయిందా వదినా?"

"ఓసారి నీళ్ళు చూసుకో అబ్బాయ్."

ఆ ఒక్క అవకాశం ఇవ్వాలనే అనుకుంది.

"నీళ్ళదేముంది, నువ్వున్నావుగా!" మూలన సంతకం గీకి, చొక్కా మార్చుకోవడానికి వెళ్ళిపోయాడు.

భర్త వాడిన రంగులపలకను ఆమె సంచిలో పెట్టుకుంది.

"రేపు త్వరగా వస్తారా?" అన్నాడు వడ్రంగి.

"రాను. వీధి చివర గది తీసుకున్నా. తలుపు మీద నా పేరే ఉంటుంది."

ఆమె మెట్లు దిగుతుంటే పెద్దమనుషులు ఎక్కుతున్నారు. పక్కకు ఒదిగి దారిచ్చింది. వీధిలోకి వచ్చేసరికి పై కిటికీలోంచి ఎవరిదో గొంతు వినిపించింది.

"అందరూ బాగానే ఉన్నారు గానీ, నీళ్ళలో మీరేరండీ?"

నవ్వులు. తర్వాత "వదినా!" అని కేక.

ఆమె వెనక్కి తిరగలేదు.

పైన, ఆమె కూర్చునే ముక్కాలిపీట మీద, కొన ఇంకా పసుపుగా ఉన్న సన్నటి కుంచె, కడగకుండా.