వెండి తాడు నియమం

"నీ మాంత్రికురాలు చచ్చిపోయింది రెబ్కా. ఆ కాగితం ఇటివ్వు," అన్నాడు ఇమ్మానియేలు.

రెబ్కా ఇవ్వలేదు. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక నల్లపాడులో వాళ్ల వరండాలో సాగే ఆటలో, రెండేళ్లుగా ఆమె పెంచుకొచ్చిన పాత్ర వివరాలున్న కాగితం అది. ఇమ్మానియేలు కథ నడుపుతాడు. మిగతావాళ్లు పాచికలు వేసి తమ పాత్రల్ని ఆడిస్తారు. ఇవాళ ఆమె మాంత్రికురాలు మంత్రం వేసి దేహాన్ని గుహలో వదిలి, ఆత్మగా శత్రువు కోటలోకి వెళ్లింది. వెళ్లగానే చచ్చిందన్నాడు.

"ఎవరూ చంపకుండా ఎలా చస్తుంది బావా? అంతా నీ ఇష్టమేనా?"

"నా ఇష్టమేంటి? దేహం వదిలిన ఆత్మ తిరిగి రాదని రూల్సులోనే ఉంది, చూసుకో."

అతను చూపించింది తెలుగు ప్రతి. హైస్కూల్లో తెలుగు చెప్పే రెబ్కా తండ్రి జక్రయ్య, అందరికోసం అనువదించి సైక్లోస్టైల్ తీయించాడు.

"చావడానికైతే ఆ మంత్రం నేర్చుకోవడమెందుకు?"

రెబ్కా విసురుగా లేచి బీరువాలోంచి అసలు ఇంగ్లీషు పుస్తకం తెచ్చింది. ఆత్మనూ దేహాన్నీ ఒక వెండి తాడు కలిపి ఉంచుతుందనీ, అది తెగనంతవరకు ఆత్మ తిరిగి రావచ్చనీ అందులో స్పష్టంగా ఉంది. ఆ రెండు వాక్యాలనూ ఎర్రసిరాతో కొట్టేశారు. పక్కన, "ఇది మన విశ్వాసానికి విరుద్ధం. ఆత్మ తిరిగి రాదు" అన్న గుండ్రటి అక్షరాలు. చిన్నప్పటి నుంచీ ఆమె కాంపోజిషన్ పుస్తకాలు దిద్దిన అక్షరాలే.

"చంపినవాడు దొరికాడా?" అని నవ్వాడు ఇమ్మానియేలు.

ఎదురుగా కూర్చుని ఆడుతున్న జక్రయ్య, తన సైనికుడి పాత్ర కాగితం మీంచి తలెత్తలేదు.

రెబ్కా పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది.

"దొరికాడు. మా నాన్న."