శనిగ్రహం మీద దసరా

మా ఇంటాయన ఉపేందర్‌కీ మా మరిది భానుచందర్‌కీ మాటల్లేవు. యుద్ధం మాత్రం ఉంది. ప్రతి ఆదివారం సాయంత్రం ఎవరింట్లో వాళ్లు టీవీ ముందు కూర్చుని శనిగ్రహం చుట్టూ తిరిగే చందమామల కోసం కొట్టుకుంటారు. కాశిబుగ్గలో రెండు గల్లీల దూరానికి అంతరిక్షం మీదుగా పోయే మనుషుల్ని నేను వీళ్లనే చూశాను.

ఆటలో గనులు తవ్వాలి, ఫ్యాక్టరీలు పెట్టాలి, ఓడలు కట్టాలి, ఎదుటివాడి స్థావరాన్ని కూల్చాలి. చదరంగంలా ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వేయడం ఉండదు. మనం ఆలోచించుకునేలోపు అవతలివాడు మీద పడతాడు. కంప్యూటరూ మౌసూ అక్కర్లేదు. చేతిలోని కంట్రోలర్ మీద మీట నొక్కితే తెర మీద చక్రం విచ్చుకుంటుంది, ఏ దళం ఎటు పోవాలో బొటనవేలితో తిప్పి చెప్పాలి. పవర్‌లూమ్ మీద తెగిన పోగులు అందుకునే వేళ్లు కదా, ఇద్దరికీ చిటికెలో పట్టుబడింది. ఉమ్మడిగా ఉన్నప్పుడు ఒకే సోఫాలో కూర్చుని ఒకే పక్షాన ఆడేవాళ్లు.

భాను కొత్త ఇల్లు కట్టుకుని, గృహప్రవేశానికి అందరికీ పంపినట్టే అన్నకూ వాట్సాప్‌లో కార్డు పంపాడు. ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవలేదు. అత్తమ్మ పోయాక తమ్ముణ్ని చంకనేసుకుని పెంచిన మనిషి ఈయన. తగలరాని చోట తగిలింది. తాను పోలేదు, నన్నూ పోనివ్వలేదు. ఆ సాయంత్రమే భాను పరుగెత్తుకొస్తే, "ఇగ నా గడప తొక్కకు" అన్నాడు. ఆటలో కూడా తమ్ముడి గొంతు వినపడకుండా మ్యూట్ చేశాడు. ఆట మాత్రం మానలేదు. మొండితనంలో ఇద్దరూ ఒకే తాను గుడ్డలు. మధ్యలో నలిగింది నేనూ, మా తోటికోడలు సౌమ్యా.

దసరా ఆదివారం నాడే వచ్చింది. ఆ రోజు తమ్ముడు అన్న చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లు మొక్కాలి, అన్న గుండెలకు హత్తుకుని అలాయ్‌బలాయ్ తీసుకోవాలి. ఎంత కోపతాపాలున్నా ఆ ఒక్క పూట వస్తారు. ఈ పండుగ దాటిపోతే వీళ్లిక కలవరని నా భయం. ఈయన కొత్త చొక్కా తొడుక్కుని వాకిట్లో కుర్చీ వేసుకున్నాడు. గాలికి కూర్చున్నానన్నాడు. ఆ మూలకు గాలి ఏనాడూ రాదు.

గల్లీలో పిల్లా పెద్దా అందరూ వచ్చి జమ్మి పెట్టి పోయారు. భాను రాలేదు. చీకటి పడుతుండగా ఈయన లోపలికొచ్చి టీవీ పెట్టాడు.

"సార్ ఆటల ఉన్నడు. ఇంటికొచ్చే తీరిక లేదు గని ఆడే తీరికున్నది."

ఆట మొదలైన కాసేపటికే భాను స్థావరం నుంచి ఓడలు వరసగా ఈయన మీదికి రాసాగాయి.

"చూసినవా పద్మా, పండుగ పూట గూడ మీదికొస్తాండు!"

పళ్లు కొరుకుతూ అన్నీ పేల్చేశాడు. ఇంకో వరస వచ్చింది. దాన్నీ పేల్చాడు.

"ఏందయ్యా, అటుదిక్కు నుంచి ఒక్కటి గూడ తిరిగి కాలుస్తలేదు?" అన్నాను.

బొటనవేలు ఆగింది. బొమ్మను దగ్గరికి జరిపి చూశాడు. ఆ ఓడలకు తుపాకుల్లేవు. గనుల్లో తవ్విన సరుకు మోసే ఓడలు అవి. ఒకే పక్షాన ఆడినప్పుడు ఒకరికొకరు పంపుకునేవాళ్లు. భాను స్థావరం మొత్తం వెతికాడు. గనులూ సరుకు ఓడలూ తప్ప ఒక్క ఫిరంగి కూడా కట్టలేదు. ఈలోపు మూడో వరస వచ్చి మా గోదాములో సరుకు దించుతోంది.

"సరుకు పంపుతాండు."

"ఎవలికి?"

"నాకు."

ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. గడప తొక్కొద్దన్నాం కదా, వాడికి తెలిసిన దారిలో పండుగ పంపుతున్నాడు. దాన్ని పట్టుకుని ఈయన కాల్చాడు. నేను ఆయన ముఖం వైపు చూడలేకపోయాను.

ఆయన మ్యూట్ తీశాడు. భాను గొంతు మాట మధ్యలో వినిపించింది.

"...గడప తొక్కొద్దన్నవ్, తొక్కలే. జమ్మి మరి ఏడ పెట్టాల్నే? కాల్చు, ఎన్ని కాలుస్తవో కాల్చు, నేను పంపుతనే ఉంట. నువ్వు ఇంటలేవని నాకెరుకే. వారం వారం చెప్తనే ఉన్న, ఇయ్యాల గూడ చెప్తాన. నాదే తప్పు అన్నా. నిన్ను గూడ పిలవాల్నా అనుకున్న. మనింటికి నువ్వే పెద్దోనివి గదా, నువ్వే నిలవడి అందర్ని పిలుస్తవనుకున్న..."

ఆయన కంట్రోలర్ నా ఒళ్లో పెట్టి బయటికి నడిచాడు.

"భానూ" అన్నాను, కంట్రోలర్ మైకు నోటి దగ్గర పెట్టుకుని, కిటికీలోంచి ఆయన్నే చూస్తూ.

"వదినా? నువ్వు ఇంటానవా?"

"నేనొక్కదాన్నే గాదు. మీ అన్న గూడ ఇన్నడు."

"ఏమన్నడు?" చిన్నపిల్లాడిలా అడిగాడు.

"ఏమనలే. మీ ఇంటికొస్తాండు. గల్లీ మలుపు తిరిగిండు."

అటు ఏదో కింద పడింది. తలుపు దడాలున తెరుచుకుంది. నాకు ఏడుపు ఆగలేదు. అంతలో సౌమ్య అరుపు దూరం నుంచి వినిపించింది:

"గింత ఆగమేందయ్యా, చెప్పులన్న ఏస్కపో!"