బయట చేరింది

మొగుడు రామదాసు తెల్ల పంట్లాన్ని గంజిలోంచి తీసి పిండుతున్న జయమణిని, వెనక గుమ్మంలో కూర్చున్న అత్తగారు కాసేపు చూసి, "సేతిలో సత్తువంతా బంతికేనేటి పిల్లా, గుడ్డకి మిగల్లేదా" అంది.

అప్పలమ్మ మాటలు కొట్టినట్టుండవు, గిల్లినట్టుంటాయి. జయమణి పంట్లాన్ని మళ్లీ మెలిపెట్టి పిండి, తీగ మీదికి విసిరింది. విసిరినప్పుడు మణికట్టు తనంతట తనే తిరిగింది. రెండు నెలలుగా ఆ చెయ్యి అలాగే తయారైంది. చెంబు ముంచినా, చాట చెరిగినా, మోకాలి కింద నుంచి ఊపుగా లేచి చివర్లో ఒక చిన్న మెలిక తిరుగుతోంది. అది చూసినప్పుడల్లా జయమణికి లోపల నవ్వొచ్చేది. ఇంట్లో వాళ్లెవరికీ తెలియని వస్తువేదో తన దగ్గరే దాచుకున్నట్టుండేది.

మలయాలో బటాంగ్ బెర్జుంటై దగ్గర రామదాసు గుమాస్తాగా ఉన్న ఆ రబ్బరు తోట చుట్టూ, కమ్యూనిస్టుల మీద తెల్లవాళ్లు ఎమర్జెన్సీ పెట్టిన ఏడాదే ముళ్ల కంచె వేశారు. అడవిలో ఉన్నవాళ్లకి బియ్యం చేరకూడదని బియ్యానికి కొలత, పాల డబ్బా అమ్మితే కొట్లోనే దానికి బెజ్జం, పొద్దు గూకితే గేటుకి తాళం. మగవాళ్లు పని మీద క్లాంగు దాకా వెళ్లొచ్చేవారు. గుమాస్తాల ఇళ్ల ఆడవాళ్లకి మాత్రం కుళాయి నుంచి వంటింటికి, వంటింటి నుంచి కుళాయికి, అదే దేశం. ఇప్పుడు కర్ఫ్యూ ఎత్తేశారు. మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వస్తోందన్నారు. తోట మేనేజరు దొర భార్యకి వెళ్లిపోయే ముందు ఒక సరదా పుట్టింది. మెర్డెకా రోజున మన తోట గుమాస్తాల భార్యలు, నది అవతలి తోట గుమాస్తాల భార్యలతో రౌండర్స్ ఆడాలి అంది.

ఆట పెద్ద కష్టమైంది కాదు. ఒకరు బంతి వెయ్యాలి, ఎదురుగా ఉన్నావిడ పొట్టి కర్రతో దాన్ని కొట్టి నాలుగు గుంజల చుట్టూ పరుగెత్తాలి. కష్టమంతా బంతి వెయ్యడంలోనే ఉంది. దొరసాని అందరి చేతా వేయించి చూసింది. చాలామంది తలంబ్రాలు పోసినట్టు పోశారు. గుమాస్తాలందరికీ పైనుండే పెద్ద కిరాణి లెచ్చుమనన్ గారి భార్య మీనాచ్చి నయం, కానీ ఆవిడ బంతి ఎటు వస్తుందో ఆవిడకే తెలియదు. జపాను వాళ్లు రాకముందు జయమణి క్లాంగు కాన్వెంటులో కొన్నేళ్లు చదివింది. అక్కడ సిస్టర్లు నేర్పిన ఆటే ఇది. బంతి చేతిలో పెట్టగానే చెయ్యి గుర్తు తెచ్చుకుంది. తక్కువ ఎత్తులో వెళ్లి, కర్ర దగ్గర ఒక్క పిసరు పక్కకి తిరిగింది. దొరసాని చప్పట్లు కొట్టి, బంతి నువ్వే వెయ్యాలి, నువ్వు అలిసిపోతే మీనాచ్చి వేస్తుంది అని అందరి ముందూ చెప్పింది.

ఆట సాధన చేసిన ఆ సాయంకాలాల్లో జయమణికి అర్థమైనదొకటుంది. బంతి తన చేతిలో ఉన్నంతసేపూ అందరూ ఆగుతారు. ఇంట్లోనూ తన కోసం ఆగుతారు, కంచం ముందు కూర్చుని, అన్నం ఇంకా ఉడకలేదా అని. ఇది అలాంటి ఆగడం కాదు. ఇక్కడ తను వేస్తే వేసినట్టు, వెయ్యకపోతే లేదు. గాలి వెళ్లిపోయేదాకా ఆగి, చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని, అప్పుడు వేసేది. పదిహేనేళ్ల కాపురంలో తనకి నచ్చినప్పుడు చేసిన పని అదొక్కటే అనిపించేది.

మొదట్లో రామదాసు కూడా మురిశాడు. ఆఫీసులో, మా ఇంటిది బంతేస్తే బ్రెన్ గన్నే అని చెప్పుకున్నాడట. క్లబ్బులోంచి పాత టెన్నిసు బంతొకటి పట్టుకొచ్చి, "గోడకేసి కొట్టుకో, అమ్మ నిద్దరోయినప్పుడు" అన్నాడు. ఆ మాట జయమణి చాలా రోజులు తలుచుకుంది. తనకంటూ అతను తెచ్చిన వస్తువులు ఎక్కువ లేవు మరి.

తర్వాత ఒక మధ్యాహ్నం అన్నం కలుపుకుంటూ, మీనాచ్చమ్మకి బంతి వెయ్యాలని ఉందట అన్నాడు. నేను అలిసిపోతే ఆవిడేగా వేసేది అంది జయమణి. అలా కాదు, మొదట్నించీ ఆవిడే వెయ్యాలట, ఊళ్లోంచి అన్నదమ్ములంతా చూడ్డానికి వస్తున్నారట. చారు పోసుకుంటూ, పైకి చూడకుండా, మిగతాది కూడా చెప్పాడు. తెల్లవాళ్లు వెళ్లిపోతున్నారు. లెచ్చుమనన్ గారు దొరకి అసిస్టెంటుగా పైకి పోతారు. ఆయన కుర్చీకి తనూ, తోటి గుమాస్తా మణియమూ ఇద్దరూ ఉన్నారు. ఎవరి పేరు చెప్పాలో ఆయన చేతిలోనే ఉంది.

"నీకేటి పోద్ది. తప్పుకో" అన్నాడు.

జయమణి గరిటె గిన్నెలో పెట్టేసింది. తప్పుకోవడం ఆమెకి కొత్త కాదు. పుట్టింటికి ప్రయాణం కట్టుకుని ఆగిపోయింది. కుట్టు మిషను అడిగి మానేసింది. సినిమాకి తయారై, అత్తగారికి నడుం నొప్పంటే పూలు తీసేసి వంటింట్లోకి వెళ్లింది. అప్పుడెప్పుడూ నోరు లేవలేదు. ఇప్పుడు లేచింది.

"నన్ను పెట్టింది దొరసాని. తియ్యాలంటే ఆవిడ్నే తియ్యమనండి."

రామదాసు తల ఎత్తి చూశాడు. ఆ చూపులో కోపం కన్నా వింత ఎక్కువుంది. దొరసానికి ఎవడు సెప్తాడు లా, అని మలయా వాళ్ల యాసలో గొణిగి చెయ్యి కడుక్కున్నాడు. ఆ తర్వాత రెండు రోజులు ఆ ఊసే ఎత్తలేదు. ఒప్పుకున్నాడనుకుంది జయమణి. మొగుడు మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టేనని ఇన్నేళ్లుగా ఎందుకు అనుకుందో ఆమెకే తెలియదు.

మెర్డెకా ఎల్లుండనగా, పొయ్యి మీద పులుసు కలుపుతుంటే వెనక వైపు నుంచి ఎవరో పిలిచారు. తోట ఆసుపత్రిలో మందులిచ్చే డ్రస్సరు భార్య సెలీనా. ఆటలో గుంజ దగ్గర కాపలా ఆమెదే. ఎప్పుడూ తిన్నగా వంటింట్లోకొచ్చి పీట వాల్చుకునే మనిషి, ఇవాళ మురికి కాలవకి అవతలే నిలబడింది.

"దగ్గరికి రావొచ్చా జయక్కా? మా ఇంట్లో ఈ పట్టింపులు లేవులే. మీ అత్తగారు ఊరుకోదని."

"ఎందుకు రాకూడదు?"

"బయట సేరినారంట గదా. దొరసాని కూడా పాపం అన్నాది. పొద్దున్నే మీనాచ్చమ్మని పిలిచి బంతి ఇచ్చేసినాది."

జయమణి గరిటెతోనే గుమ్మంలోకి వచ్చింది. ఎవరు చెప్పారని అడిగింది. సెలీనా చెప్పబోయి, గరిటె వైపు చూసింది. బయట చేరిన మనిషి చేతిలో గరిటె ఎందుకుంటుంది? వెనక పొయ్యి మీద పులుసు మరుగుతూ ఎందుకుంటుంది? ఆమెకి తెలిసిపోయింది. తల దించుకుని, ఆఫీసులో రామదాసన్నయ్యే పెద్ద కిరాణితో అన్నాడట, ఆయన దొరతో, దొర దొరసానితో, అని మెల్లగా చెప్పి వెళ్లిపోయింది.

తన ఒంటి సంగతి ఒక మగాడి నోట్లోంచి ఇంకో మగాడి చెవిలోకి, అక్కణ్నించి తెల్లదొర చెవిలోకి వెళ్లింది. దొరతో ఇంగ్లీషులో ఏ మాట వాడి ఉంటారు? మణియం విని ఉంటాడు. తలుపు దగ్గరుండే బంట్రోతు కూడా విని ఉంటాడు. జయమణికి ముఖం మండింది. పదిహేనేళ్లలో ఆ మాట ఆమె మొగుడితో కూడా నోటితో చెప్పలేదు. చాప తీసుకుని వెనక వరండాలోకి వెళ్తే అతనే తెలుసుకునేవాడు. పైగా ఈ నెలది పున్నమికి ముందే అయిపోయింది. అత్తగారికీ తెలుసు, అతనికీ తెలుసు.

మధ్యాహ్నం రామదాసు రాగానే అడిగింది. అతను చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తూ, ఎంతో ఆలోచించి చేసిన పనిలాగే చెప్పాడు.

"మరింకేటి సెప్పమంటావు? జొరం అంటే డ్రస్సరొచ్చి సూస్తాడు. దీనికైతే ఎవరూ వచ్చి సూడరు."

నేను వెళ్లి దొరసానితో అబద్ధమని చెప్తాను అంది జయమణి. చెప్పు, అన్నాడు. నా మొగుడు అబద్ధాలకోరు అని ఇంగ్లీషులో చెప్పు, కాన్వెంటులో నేర్పే ఉంటారు. ఆ కుర్చీయే కాదు, ఉన్న కుర్చీ కూడా పోతుంది, అందరం బంటింగులో మీ అన్న ఇంటికే పోదాం. బంటింగులో అన్న మునియాండి ఉండేది ఒక్క గది. ఆ గదిలో ఏడుగురు.

ఇదంతా వింటూ కూర్చున్న అప్పలమ్మ అప్పుడు లేచింది. కొడుకుని ఏమైనా అంటుందేమోనని జయమణి ఒక్క క్షణం ఆశపడింది కూడా. ఆవిడ గోడ వార నుంచి చాప చుట్ట తీసి వెనక వరండాలోకి విసిరింది.

"మాట బయటికెల్లిపోయినాది. ఇంక లోన తిరిగితే మీనాచ్చి ఇంటోళ్లు సూడరేటి? ముట్టు మనిసి వంట తింతన్నారంటారు. ఎల్లి కూకో."

"అత్తా, మొన్ననే గదా నేను..."

"మొన్నైతే ఏటి? వయసు మీద పడతంది, నెలకి రెండుసార్లనుకుంటారు. అనుకోనీ."

అలా జయమణి బయట చేరింది. చాప, చెంబు, సత్తు కంచం. అన్నం గుమ్మంలో పెట్టి అత్తగారు వెనక్కి జరిగేది. చెయ్యని తప్పుకి జైల్లో పడ్డవాళ్లని గురించి ఎమర్జెన్సీ రోజుల్లో చాలా విన్నది. వాళ్లు మొదట ఒకటి రెండు రోజులు అరుస్తారట, తర్వాత అన్నం వేళ ఎప్పుడా అని చూస్తారట. తనూ అంతే అయిందని రెండో పూటకే గమనించింది.

రామదాసు లెక్క ఒకచోట తప్పింది. ఆట తర్వాత టీకి రెండు జట్లకీ గారెలు మా ఇంటి నుంచే అని అంతకుముందే పెద్ద కిరాణికి మాటిచ్చాడు. బయట చేరిన మనిషి చేతి గారెలు ఎవరు తింటారు? తల్లి వైపు చూశాడు. నాకు నడుం వంగదు అంది తల్లి. ఇద్దరూ కలిసి జయమణి కూతురు గుణవతి వైపు చూశారు.

గుణకి పన్నెండేళ్లు. ఇంకా పెద్దమనిషి కాలేదు కాబట్టి ఏ రోజైనా వంటింట్లోకి వెళ్లొచ్చు. పప్పు నానబోసిన దగ్గర్నుంచి రోలు శబ్దం జయమణికి వరండాలోకి వినపడుతూనే ఉంది. పెద్దవాళ్లు రుబ్బితే ఒక ఊపులో తిరిగే పొత్రం, ఆ పిల్ల చేతిలో ఆగి, ఆగి, గట్టిగా ఏడ్చినట్టు తిరిగింది. నీళ్లు చల్లుకోవే, నడుం నుంచి తిప్పవే అని గోడ ఇవతల్నించి జయమణి చెప్పింది. చెప్పాక తన గొంతు తనకే అసహ్యమనిపించింది. ఒకసారి గుణ ఏడుస్తూ వరండాలోకి రాబోయింది. ముట్టుకోకు, ముట్టుకుంటే తలార పోసుకోవాలి, పిండి పులిసిపోద్ది, అని అప్పలమ్మ రెక్క పట్టుకుని లాక్కుపోయింది.

మెర్డెకా రోజు రేడియోలో అరుపులు, తర్వాత మైదానంలో బ్యాండు. అందరూ వెళ్లారు. గారెల బుట్ట మోసుకుని గుణ కూడా వెళ్లింది. జయమణి చాప మీద కూర్చుని చెవులతో ఆట చూసింది. కర్రకి బంతి తగిలిన చప్పుడు, పరుగులు, ఈలలు. ఓడిపోతే బాగుండునని ఒకసారి అనుకుంది. ఒక్కసారే కాదు, చాలాసార్లు అనుకుంది. తను లేకపోతే ఓడారని ఎవరైనా అనాలి. ఆ ఒక్క మాట దక్కినా చాలనిపించింది.

సాయంత్రం సెలీనా కాలవ దగ్గరికొచ్చి, గెలిచాం జయక్కా అంది, తప్పు చేసిన దానిలా. మీనాచ్చి బంతులు ఎటెటో వెళ్లాయట. అవతలి వాళ్లు వాటికి కూడా కర్రలు ఊపి అవుటయ్యారట. దొరసాని వచ్చే వారమే ఓడ ఎక్కుతోందట. కర్రలూ బంతులూ క్లబ్బు గదిలో పెట్టి తాళం వేశారట. మళ్లీ ఎప్పుడు ఆడతాం అని జయమణి అడగలేదు. ఎవరో ఒకరు వేస్తే బంతి వెళ్తుంది, ఎవరో ఒకరు కొడతారు. ఆటకి తన చెయ్యే అక్కర్లేదు.

నాలుగో రోజు పొద్దున్న రామదాసు మంచి హుషారుగా ఉన్నాడు. లెచ్చుమనన్ గారు భుజం తట్టారట. వెనక గుమ్మంలోకొచ్చి, అయిపోయింది కదా, నీళ్లోసుకుని లోపలికి రా, ఆ పిల్ల అన్నం ముద్ద చేసేస్తోంది, తినలేకపోతున్నాను అన్నాడు. జయమణి కదల్లేదు. అప్పలమ్మ వచ్చి పిలిచింది. జయమణి గోడకి ఆనుకుని అలాగే కూర్చుంది. వెళ్లడానికి ఇంకో ఇల్లు లేదని ఆమెకి తెలుసు. ఇవాళ కాకపోతే రేపు, ఆ గుమ్మం తనే దాటి ఆ పొయ్యి ముందే కూర్చోవాలనీ తెలుసు. కనీసం ఈ పూట తను లేని లోటు వాళ్లకి తెలియనీ అనుకుంది.

"కోపమేమో, కూకోనీ అమ్మా" అన్నాడు రామదాసు. "గుణా, పొయ్యెలిగించు."

"దానికీ అలవాటయిపోయినాది గదా" అంది అప్పలమ్మ.

లోటేమీ లేదు. చెయ్యి మారింది, అంతే.

గుణ వేడినీళ్ల చెంబు తెచ్చి, అమ్మకి తగలకుండా దూరంగా వంగి మెట్టు మీద పెట్టింది. పొత్రం తిప్పిన అరచేతిలో పొక్కులు చితికి ఎర్రగా ఉన్నాయి. వెనక్కి తిరిగి లోపలికి వెళ్లబోయింది. జయమణి చెయ్యి చాపి దాని మణికట్టు పట్టుకుంది. పట్టుకుని, పక్కన చాప మీద కూర్చోబెట్టుకుంది.

"పిల్లని ముట్టేసినావేటే" అంది అప్పలమ్మ. కొడుకు వైపు చూసి, మళ్లీ కోడలి వైపు చూసి, "గుణా, లెగు. తలమీద నీళ్లోసుకుని లోనకి రా" అంది.

జయమణి ఆ చెయ్యి వదల్లేదు.

"పోసుకోనీ అత్తా. పోసుకున్నాక మళ్లీ ముట్టుకుంటాను."