ఇనాయతుల్లా ఇంట్లో ఫ్రిజ్

జగ్గయ్యపేటలో ఫ్రిజ్ మొరాయిస్తే జనం ముందు దాని డొక్కలో ఒక్కటి చరుస్తారు. అప్పటికీ పలక్కపోతే ఇనాయతుల్లాకి ఫోన్ చేస్తారు. అతను వచ్చి, ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి, కాసేపు చెవి ఆనించి, "గ్యాస్ పోయింది" అనో "రిలే కాలింది" అనో తేలుస్తాడు. చాలాసార్లు అతను చెప్పిందే నిజమవుతుంది. కానప్పుడు కూడా ఎవరూ ఎదురు చెప్పరు.

అతని ఇంట్లో ఉన్న ఫ్రిజ్ ఏ కంపెనీదో చెప్పడం మాత్రం కష్టం. తలుపు ఒకదానిది, కంప్రెసర్ ఇంకోదానిది, అరలు ఎవరో వద్దని వదిలేసిన మూడోదానివి. కొత్తది కొందామని భార్య రజియాబీ అన్నప్పుడల్లా "వంటవాడు హోటల్‌కెళ్లి తింటాడా?" అనేవాడు. తింటాడని ఆమెకి తెలుసు. అయినా ఊరుకునేది.

వాళ్లకి ఒక్కతే కూతురు, ఆసిఫా. అయిదో తరగతి చదువుతోంది. చూసినవాళ్లు ఒకటో తరగతి అనుకునేవాళ్లు. బంధువులు "మన వంశమే పొట్టి, వయసొస్తే అదే సాగుతుందిలే" అని తీర్పు చెప్పేశారు. అయితే రెండేళ్ల కిందట కుట్టిన గౌను ఆ పిల్లకి ఇంకా సరిగ్గా సరిపోవడం రజియాబీకి నచ్చలేదు. ఆమె ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. కొలతల విషయంలో బంధువుల మాట వినే అలవాటు లేదు.

విజయవాడలో హార్మోన్ల డాక్టరు కనకవల్లి ఆసిఫాకి రక్తపరీక్షలు, చేతి ఎక్స్‌రే, తల స్కానింగు అన్నీ చేయించి విషయం చెప్పింది.

"పిల్లలు ఎదగడానికి ఒంట్లో ఒక హార్మోను తయారవాలి. పాపకి అది చాలినంత తయారవడం లేదు. బయటినుంచి ఇవ్వాలి. రోజూ పడుకునే ముందు ఒక ఇంజెక్షను. ఎదుగుదల ఆగే వయసొచ్చేదాకా."

"మాత్రలు లేవాండీ?" అన్నాడు ఇనాయతుల్లా.

"లేవు."

"టానిక్కు లాంటిది?"

"లేదు."

"మరి రోజూ ఎవరు పొడుస్తారండీ?"

"మీరే."

ఇనాయతుల్లా కిటికీలోంచి బయటికి చూశాడు. కరెంటు షాకులు తిన్న మనిషే. కానీ సూది కనబడితే మొహం పక్కకి తిప్పేసుకుంటాడు. రజియాబీ మాత్రం సిస్టర్ పుష్పవతి చేతిలో పెన్నులా ఉన్న ఆ పరికరం అందుకుని, కొసన సూది ఎలా బిగించాలో రెండుసార్లు చేసి చూపించమంది. సూదితో బతికే మనిషికి ఇంకో సూది కొత్తేం కాదు.

పుష్పవతి ఓపిగ్గా చెప్పింది. ఈరోజు కుడితొడ అయితే రేపు ఎడమతొడ, ఆ తర్వాత పొట్ట. ఒకేచోట పొడిస్తే గడ్డలు కడతాయి. ప్రతిసారీ కొత్త సూది. వాడిన సూది చెత్తబుట్టలో వేయకుండా గట్టి డబ్బాలో వేసి ఆసుపత్రికి తెచ్చివ్వాలి. మందుని కుదపకూడదు. ఫ్రిజ్‌లోనే ఉంచాలి, గడ్డ మాత్రం కట్టనివ్వకూడదు. ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండు రోజులది కలిపి ఇవ్వకూడదు. తలనొప్పి తగ్గకుండా ఉన్నా, చూపు మసకబారినా, పిల్ల కుంటుతున్నా వెంటనే ఫోన్ చెయ్యాలి.

"ఫ్రిజ్ సంగతి నాకొదిలెయ్యండి" అన్నాడు ఇనాయతుల్లా. ఆ గదిలో అతను ధైర్యంగా అన్న మాట అదొక్కటే.

చలికాలమంతా సజావుగా జరిగింది. రజియాబీ పొడిచేది. ఆసిఫా నోట్లో బెల్లంముక్క పెట్టుకుని పైకప్పు చూసేది. ఇనాయతుల్లా ఆ సమయానికి వీధి తలుపు గడియ వేశాడో లేదో చూడ్డానికి వెళ్లేవాడు. మొదటిసారి కొలత చూపించడానికి వెళ్తే పిల్ల బాగా సాగిందని డాక్టరమ్మ మెచ్చుకుంది. రజియాబీ గౌన్ల అంచులు విప్పి కిందికి దించింది. ఆ పని చేస్తూ ఆమె పాట పాడటం ఇనాయతుల్లా మొదటిసారి విన్నాడు. బాగా పాడదని కూడా అప్పుడే తెలిసింది.

ఎండాకాలం వచ్చింది. కరెంటు పోవడం, రావడం మొదలైంది. మందు వేడెక్కిపోతుందేమోనని ఇనాయతుల్లాకి నిద్ర పట్టలేదు. ఒక ఆదివారం పొద్దున ఫ్రిజ్ విప్పి, చల్లదనాన్ని అదుపు చేసే థర్మోస్టాట్ తీసేసి, ఇంకో మోడల్‌ది తెచ్చి బిగించి, కంప్రెసర్ ఎక్కువసేపు తిరిగేలా చేశాడు. పూటంతా కరెంటు లేకపోయినా లోపల చల్లదనం తగ్గకూడదని అతని లెక్క. మందు డబ్బాని అన్నిటికంటే చల్లగా ఉండే చోట, పై అరలో వెనక గోడకి ఆనించి పెట్టాడు.

"పచ్చిమిరపకాయలు గాజుపెంకుల్లాగా అవుతున్నాయండీ" అంది రజియాబీ కొన్నాళ్లకి.

"కూలింగ్ బాగుందన్నమాట."

"కొత్తిమీర విరుగుతోంది."

"కొత్తిమీర కోసం పెట్టింది కాదది."

రెండోసారి కొలత చూసి డాక్టరమ్మ సిస్టర్‌ని మళ్లీ కొలవమంది. తర్వాత తనే లేచి కొలిచింది. ఆసిఫా ఎత్తు దాదాపు ఎక్కడున్నది అక్కడే ఉంది.

"ఏమైనా మానేశారా?"

"ఒక్క రోజు కూడా మానలేదండీ" అంది రజియాబీ.

డాక్టరమ్మ పిల్ల తొడలు, పొట్ట తడిమి చూసింది. గడ్డలేమీ లేవు. రజియాబీ చేత ఉత్తి పెన్నుతో చేయించి చూసింది. వంక పెట్టడానికి లేదు. "రక్తపరీక్ష మళ్లీ చేద్దాం. ఈలోగా ఒక సంగతి చెప్పండి. మీ ఫ్రిజ్ సరిగ్గా పనిచేస్తోందా?" అంది.

ఇనాయతుల్లా మొహం ఎర్రబడింది. "మేడం, మా పేటలో సగం ఫ్రిజ్‌లు నా చేతిమీదే నడుస్తున్నాయండీ."

"ఆ సగం సంగతి కాదండీ. మీ ఇంట్లోది. మందు ఎప్పుడైనా గడ్డకట్టిందా? ఒకసారి గడ్డకట్టిందంటే అది పనికిరాదు. కరిగాక చూపుకి మామూలుగానే కనబడొచ్చు, లోపల సత్తువ ఉండదు. పొడిచిందంతా నీళ్లు పొడిచినట్టే."

రజియాబీ పిల్ల గౌను సర్దింది. భర్త వైపు చూడలేదు. పచ్చిమిరపకాయల సంగతి ఆ గదిలో ఎత్తకపోవడం ఆమె అతని మీద చూపించిన దయ. అది అతనికి అర్థమైంది. అందుకే ఇంకా కష్టంగా ఉంది.

కొత్త మందు ఐసుడబ్బాలో పెట్టుకుని బయల్దేరారు. ఐసు నేరుగా తగలకుండా మధ్యలో తువ్వాలు చుట్టమని పుష్పవతి చెప్పింది. దారిలో నందిగామలో రజియాబీ అన్న హారూన్ ఇల్లుంది, అక్కడ ఫ్రిజ్ కూడా ఉంది. తల్లీ కూతుళ్లనీ, మందునీ అక్కడ దింపేసి ఇనాయతుల్లా ఒక్కడే పేటకి వెళ్లాడు. పనిముట్ల సంచిలోంచి ముల్లు థర్మామీటరు తీసి పై అరలో, వెనక గోడ దగ్గర పెట్టి, ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. ముల్లు సున్నా దగ్గరికొచ్చింది. సున్నా దాటింది. అక్కడితో ఆగలేదు. కొత్తగా బిగించిన థర్మోస్టాట్ చాలాసేపటికి టిక్కుమని కంప్రెసర్‌ని ఆపింది. ఇదే ఫ్రిజ్ ఇంకొకరింట్లో చూసుంటే ఒక్క నిమిషంలో పట్టేసేవాడు. వినడానికి చెవి కూడా ఆనించక్కర్లేదు.

మిగిలిపోయిన పాత మందుని వెలుతురుకి ఎత్తి చూశాడు. కరెంటు పోయినప్పుడల్లా కరిగిపోయినట్టుంది, తేటగా, అందంగా ఉంది. దాన్ని విడిగా కవర్లో చుట్టి, ఆసుపత్రికి తిరిగిచ్చెయ్యడానికి పక్కన పెట్టాడు.

సాయంత్రం నందిగామ తిరిగొచ్చేసరికి హారూన్ అరుగు మీద కూర్చునున్నాడు. వీరులపాడు వైపు కౌలుకి పత్తి వేస్తాడతను. జరిగింది విని సలహా చెప్పాడు.

"బావా, యూరియా ఒక దఫా తప్పిపోయిందనుకో. మేం తర్వాత దఫాలో కలిపి వేసేస్తాం. చేను అందుకుంటుంది."

ఆ మాట ఇనాయతుల్లా బుర్రలో దిగబడింది. పిల్ల పోగొట్టుకున్న ఎదుగుదలంతా తన చేతిమీదుగా పోయింది. ఎలాగోలా తెచ్చిపెట్టాలి. రజియాబీ రాత్రిపూట చేసే ఇషా నమాజుకి కూర్చున్నప్పుడు, తన జీవితంలో మొదటిసారి, తనే ఆ పెన్ను తీసుకుని సూది బిగించాడు. గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఎంత మందు ఎక్కాలో అంకెల్లో చూపించే వెనక మీట తిప్పుతూ పోయాడు. రోజూ ఆగే అంకె దాటి ఇంకా తిప్పాడు.

మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చున్న ఆసిఫా మెడ చాచి చూసింది.

"నాన్నా, నా నెంబరు అది కాదు."

"ఈ ఒక్కరోజుకే అమ్మా. పోయింది కలిసొస్తుందని."

"డాక్టరాంటీ చెప్పిందా?"

"మావయ్య చెప్పాడు."

ఆసిఫా గౌను మోకాళ్ల మీదికి లాక్కుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. "మావయ్యది పత్తి" అంది.

నమాజు ముగించుకుని రజియాబీ వెనక నిలబడి ఉంది. ఆమె పెన్ను తీసుకుని, మీట వెనక్కి తిప్పి, అంకెని దాని చోట నిలిపింది. పొడిచింది. సూది తీసి డబ్బాలో వేసింది. అప్పుడు అరుగు మీదికెళ్లింది.

"అన్నా, పత్తికి తలనొప్పి రాదు. కళ్లు మసకబారవు. నడుస్తుంటే తుంటి నొప్పెట్టదు. మందు ఎక్కువైతే పిల్లకి వస్తాయి."

హారూన్ గడ్డం గోక్కున్నాడు. "ఎక్కువైతే చేను కూడా మాడిపోద్దిలే ఒక్కోసారి" అని ఒప్పుకున్నాడు.

లోపల ఇనాయతుల్లా మంచం పట్టెమీద కూర్చున్నాడు. రజియాబీ వచ్చి పక్కన కూర్చుంది.

"నువ్వు చెప్పావు. మిరపకాయలని చెప్పావు" అన్నాడు.

"చెప్పా."

"వినలా."

"వినలేదు." ఆమె కొంగుతో అతని నుదురు తుడిచింది. "సూది బిగించారు గదా. అది బానే బిగించారు."

అతను ఏడ్చాడు. అలవాటు లేని పని కాబట్టి దగ్గులాగా వచ్చింది. ఆసిఫా నీళ్లు తెచ్చిచ్చింది.

రెండ్రోజులు తిరక్కుండా ఇనాయతుల్లా పేటలో పెద్ద షాపుకెళ్లి కొత్త ఫ్రిజ్ కొన్నాడు. చీకటిపడ్డాక తెప్పించుకుందామనుకున్నాడు గానీ షాపువాళ్లు మిట్టమధ్యాహ్నం, రంగు కాగితాలు కట్టిన బండి మీద తెచ్చి దింపారు. మెకానిక్ కొత్త ఫ్రిజ్ కొన్నాడన్న కబురు సాయంత్రానికి ఊరంతా తిరిగింది. చాలామంది తమ ఫ్రిజ్‌లని అనుమానంగా చూసుకున్నారు.

రిటైరైన లెక్కల మాస్టారు ఉమాకాంతం ఇంటికే వచ్చాడు. "నువ్వే కొన్నావంటే, మాదీ పారెయ్యమంటావా ఇనాయతుల్లా?"

ఇనాయతుల్లా అబద్ధం ఆడదామనుకున్నాడు. నోరు రాలేదు. "నాది నేనే చెడగొట్టుకున్నానండి మాస్టారూ. పాప మందు గడ్డకట్టి పాడైపోయింది. మీదాంట్లో వంకాయలే కదండీ, ఇంకో పదేళ్లు లాగుద్ది."

మాస్టారు వెళ్లి ఆ మాట కూడా ఊరంతా చెప్పాడు. కొన్నాళ్లు ఇనాయతుల్లాకి ఫోన్లు తగ్గాయి. తర్వాత మళ్లీ మొదలయ్యాయి. వాటిలో కొన్ని చక్కెర జబ్బువాళ్ల ఇళ్లనుంచి, ఇన్సులిన్ పెట్టుకునే అర ఒకసారి చూసిపొమ్మని. చూసొచ్చేవాడు. వెనక గోడకి ఆనించొద్దని అందరికీ చెప్పేవాడు. ఎందుకని అడిగితే కారణం కూడా చెప్పేవాడు.

తర్వాతి కొలతకి ముగ్గురూ వెళ్లారు. ఆసిఫా మళ్లీ సాగింది. పోయిన నెలలు పోయినట్టేననీ, ఇకమీదట ఇలాగే జరిగితే చాలనీ డాక్టరమ్మ చెప్పింది. ఇనాయతుల్లా తల ఊపాడు.

"నేనెంత ఎత్తవుతా ఆంటీ?" అంది ఆసిఫా.

"గ్యారంటీ చెప్పలేనమ్మా. అన్నీ సరిగ్గా జరిగితే ఇంచుమించు మీ అమ్మంత."

ఆసిఫా తల్లిని పాదాల దగ్గర్నుంచి తలదాకా చూసింది. రజియాబీ పెద్ద ఎత్తేం కాదు. అయినా కాస్త నిటారుగా కూర్చుంది.

"సరే" అంది ఆసిఫా.